మూడున్నర వేలు, ఆరు ఆదివారాలు, బ్రిటన్ మట్టి

ముందే చెప్పేస్తున్నా, పెట్టిన డబ్బు వృథా పోలేదు. అలాగని ఐదుకి ఐదు స్టార్లు మాత్రం ఇవ్వను, మూడున్నర ఇస్తా, తగ్గించిన ఒకటిన్నర దేనికో కింద చెప్తా. ఇది నారాయణగూడలో ఒక చిన్న సంస్థ పెట్టిన ఆదివారం క్లాసుల గురించి. బ్రిటన్‌లో జరిగిన తవ్వకాలు, వాటిలో బయటపడ్డ సంగతులు, మొత్తం ఆరు క్లాసులు, పెద్దవాళ్లకి 3,500, స్టూడెంట్లకి 1,500. సంస్థ పేరు రాయడం లేదు. నడిపేది ఇద్దరో ముగ్గురో, నేను తిట్టబోయేవి కొన్ని ఉన్నాయి, పేరు పెట్టి బజారున పడేయడం ఇష్టం లేదు. ఆ చుట్టుపక్కల పుస్తకాల షాపుల్లో అడిగితే ఎవరైనా చెప్తారు.

నేను సివిల్ ఇంజనీర్‌ని. ఇరవై ఏళ్లుగా పునాదులు తవ్వించడమే పని. హిస్టరీ అంటే పదో తరగతితో వదిలేసిన సబ్జెక్టు. మా అమ్మాయి ఇప్పుడు ఇంటర్, దానికి ఈ పిచ్చి పట్టింది, ఒక్కదాన్నే పంపడం ఎందుకని నేనూ కట్టాను. మా ఆవిడైతే "గోల్కొండ మెట్లు పూర్తిగా ఎక్కింది లేదు, ఇంగ్లండ్ గుంతలు చూస్తారట" అని నవ్వింది. నిజమే, ఎక్కలేదు.

హాలు రెండో అంతస్తులో, లిఫ్ట్ లేదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి. బండి పెట్టుకోవడానికి చోటు లేదు, పది గంటల క్లాసుకి తొమ్మిదిన్నరకి వెళ్తేనే ఆ సందులో దొరుకుతుంది, పోతే క్లాసు మాత్రం ఏనాడూ పదిన్నర లోపు మొదలవలేదు. ప్రొజెక్టర్‌కి వైరు కుదరదు, కుదిరితే బొమ్మ పచ్చగా వస్తుంది, ఒకాయన దాన్ని తట్టి తట్టి బాగుచేస్తాడు. మధ్యలో ఇచ్చే చాయ్ మాత్రం అద్భుతం, కింద ఇరానీ హోటల్ నుంచి తెప్పిస్తారు, మనిషికి రెండు ఉస్మానియా బిస్కెట్లు. చెప్పే సార్ రిటైరైన లెక్చరర్, మంచి తెలంగాణ తెలుగు, ఇంగ్లిష్ పేర్లు పలికేటప్పుడు కూడా మన యాసే, నాకు అదే నచ్చింది.

మొదటి క్లాసు బోర్. పాతరాతి యుగం, కొత్తరాతి యుగం, కంచు యుగం అని గీతలు గీసి కాలపట్టిక రాయించారు, పరీక్ష రాయబోతున్నట్టు. ఆఖరి పది నిమిషాల్లో హాపిస్‌బర్గ్ అనే ఊరి గురించి చెప్పారు, అందరం నిద్ర లేచాం. ఇంగ్లండ్ తూర్పు తీరం, నార్‌ఫోక్ జిల్లా. 2013లో అలలకి ఇసుక కొట్టుకుపోయి కింద గట్టి మట్టి పొర బయటపడింది, దాని మీద పాదాల గుర్తులు, పెద్దవాళ్లవి, పిల్లలవి. వయసు ఎనిమిది లక్షల ఏళ్లకి పైనే. గబగబా ఫొటోలు తీసుకున్నారు, కొలతలు తీసుకున్నారు, రెండు వారాల్లో సముద్రం వాటిని తుడిచేసింది. ఎనిమిది లక్షల ఏళ్లు నిలిచినది పదిహేను రోజుల్లో పోయింది! మా అమ్మాయి నోట్సులో ఆ ఒక్క ముక్క కింద రెండు గీతలు గీసింది. ఆ కథతోనే మొదలుపెట్టి ఉంటే రెండో వారానికి అరడజను మంది తగ్గేవాళ్లు కాదని నా అనుమానం.

రెండో వారం స్టోన్‌హెంజ్. దీని గురించి అందరికీ అంతో ఇంతో తెలుసు, ఆ నిలువురాళ్లు ఎవరు ఎత్తారో అని. సార్ ఆ జోలికి పోకుండా రాయి ఎక్కడిది అనే ఒక్క ప్రశ్న పట్టుకున్నారు, అది సివిల్ వాడిగా నాకు నచ్చింది. పెద్ద రాళ్లు పాతిక కిలోమీటర్ల అవతల వెస్ట్ వుడ్స్ అనే అడవి నుంచి వచ్చాయని 2020లో తేల్చారు. చిన్న నీలిరాళ్లు వేల్స్‌లోని ప్రెసెలీ కొండలవి, అంటే రెండు వందల కిలోమీటర్లు దాటి. ఇక నడిమధ్యలో పడుకుని ఉన్న ఆల్టర్ స్టోన్ సంగతి 2024లో బయటపడింది, అది స్కాట్లాండ్ ఈశాన్యం నుంచి, దాదాపు 750 కిలోమీటర్లు. ఆరు టన్నుల రాయి. హైదరాబాద్ నుంచి చెన్నై దాటి పాండిచ్చేరి దాకా అనుకోండి. బ్రిటన్‌లో ఇంకా చక్రం రాని కాలంలో. వెనక బెంచీలో ఒకాయన "ఏ రూట్లో తెచ్చుంటారు సార్, సముద్రం మీదా, నేల మీదా" అని అడిగితే అరగంట దాని మీదే చర్చ నడిచింది, తేలలేదు గాని మజాగా ఉంది.

అదే వారం మస్ట్ ఫార్మ్. పేరు ఎప్పుడూ వినలేదు, ఇప్పుడు మర్చిపోలేను. కేంబ్రిడ్జ్‌షైర్‌లో ఇటుకల మట్టి తవ్వే క్వారీ. క్రీస్తుపూర్వం 850 ప్రాంతంలో ఏటి మీద కర్ర స్తంభాలు పాతి గుండ్రటి ఇళ్లు కట్టుకున్నారు, కట్టి ఏడాది కూడా కాకముందే అంటుకున్నాయి, కాలుతూ కాలుతూ నీళ్లలో పడిపోయాయి. బురద కప్పేసింది. గాలి తగలకపోతే కర్ర కుళ్లదు, బట్ట కుళ్లదు, ఆ సూత్రం మన బావి పనివాళ్లకి కూడా తెలుసు. కాబట్టి ఏ ఇంట్లో ఏ సామాను ఎక్కడుందో అక్కడే దొరికింది, గొడ్డళ్లు, కుండలు, నార బట్టలు, ఎక్కడో ఇరాన్ వైపు నుంచి చేతులు మారుతూ వచ్చిన గాజు పూసలు. అన్నిటికంటే నన్ను ఒక గిన్నె పట్టుకుంది. అందులో గోధుమ జావ, తెడ్డు అందులోనే ఉంది. తింటూ తింటూ లేచి పరిగెత్తారు. సార్ ఆ స్లయిడ్ పెట్టి ఏమీ మాట్లాడలేదు, ఒక నిమిషం ఊరుకున్నారు. ప్రొజెక్టర్ కూడా ఆ ఒక్కసారి సరిగా పనిచేసింది.

మూడో వారం రోమన్లు. నా లెక్కన ఈ ఒక్క క్లాసుకే రెండు వేలు ఇవ్వొచ్చు. ఉత్తర ఇంగ్లండ్‌లో విండోలాండా అనే సైనిక కోట, రోమన్లు సరిహద్దులో కట్టిన హాడ్రియన్ గోడ పక్కనే, అసలు ఆ గోడ కట్టక ముందు నుంచే ఉంది. 1973లో రాబిన్ బర్లీ అనే ఆయన అక్కడ బురదలో పల్చటి చెక్కముక్కలు తీశాడు, పోస్టుకార్డంత, మీద సిరాతో రాసిన ఉత్తరాలు. యుద్ధాల గొడవ కాదు, ఇంటి సంగతులు. ఒకడికి ఇంటి నుంచి మేజోళ్లు, చెప్పులు, లోబట్టలు పంపారట, ఆ చీటీ ఉంది. క్లాడియా సెవెరా అనే ఆవిడ ఇంకో ఆఫీసర్ భార్యని సెప్టెంబర్ 11న నా పుట్టినరోజు, తప్పకుండా రావాలి అని పిలిచింది. ఉత్తరం ఎవరిచేతో రాయించి ఆఖరి మాటలు తన చేత్తో రాసింది, ఆడమనిషి చేతిరాతగా మిగిలిన లాటిన్‌లో అత్యంత పాతవాటిలో అదొకటి. సార్ దాన్ని తెలుగులో చదివితే మా చిన్నమ్మ పెళ్లి పిలుపు ఉత్తరంలా ఉంది, "నువ్వు రాకపోతే ఊరుకోను" అనే రకం.

ఇంకో చీటీలో గాంబాక్స్ అనేవాడు రెండు దినారాల (రోమన్ల వెండి నాణేలు) మిరియాలు కొన్నట్టు లెక్క. మిరియాలు ఎక్కడివి? మన కేరళవే. మలబారు నుంచి ఓడెక్కి, ఈజిప్టు మీదుగా రోమ్, అక్కడి నుంచి ఇంగ్లండ్ చలిలో గజగజలాడే సిపాయి గిన్నెలోకి. డబ్బులు ఇటు వచ్చాయి, నల్లగొండ జిల్లాలో రోమన్ నాణేలు దొరకడం అందుకే. కొండాపూర్‌లో కూడా రోమన్ల ఆనవాళ్లున్నాయి, హైటెక్ సిటీ పక్కన ట్రాఫిక్‌లో చచ్చే కొండాపూర్ కాదు, సంగారెడ్డి దగ్గరది, అక్కడ మ్యూజియం ఉంది, వచ్చే నెల వెళ్తాం. ఆ తర్వాత లండన్ నడిబొడ్డున ఒక ఆఫీసు బిల్డింగ్ పునాదిలో దొరికిన 405 చెక్క పలకల గురించి చెప్పారు. వాటిలో ఒకటి క్రీస్తుశకం 57 జనవరి 8 తేదీ వేసిన ప్రామిసరీ నోటు, టిబుల్లస్ అనేవాడు గ్రాటస్‌కి 105 దినారాలు బాకీ. తనకి అమ్మి చేర్చిన సరుకుల ధర ఇవ్వాలి, రాసిచ్చాడు. ఊరు పుట్టి పదేళ్లు కాలేదు, అప్పుడే అప్పు పత్రాలు! ఒక ఊరి గురించి రాజులు చెక్కించిన శాసనం కంటే ఇలాంటి కాయితం ఎక్కువ చెప్తుంది.

నాలుగో వారం సట్టన్ హూ, తూర్పు ఇంగ్లండ్‌లో. 1938లో ఎడిత్ ప్రెట్టీ అనే వితంతువు తన పొలంలో మట్టిదిబ్బలు తవ్వించడానికి బాసిల్ బ్రౌన్ అనే ఆయన్ని పెట్టుకుంది. ఆయనకి డిగ్రీలు లేవు, తనకు తాను నేర్చుకున్న మనిషి, మట్టి రంగు చూసి చెప్పేసేవాడు. 1939లో తవ్వుతుంటే ఇనుప మేకులు వరసగా వచ్చాయి. చెక్క ఎప్పుడో కరిగిపోయింది, కానీ 27 మీటర్ల ఓడ అచ్చు ఇసుకలో ఉంది. మన సిటీ బస్సులు రెండున్నర వరసగా పెట్టినంత. మధ్యలో ఏడో శతాబ్దం మొదట్లో పూడ్చిన రాజు సొత్తు, శిరస్త్రాణం, వెండి గిన్నెలు, బంగారంలో ఎర్రరాళ్లు పొదిగిన నగలు. రోమన్లు పోయాక బ్రిటన్ చీకట్లోకి పోయిందని పాత పుస్తకాలు రాసుకున్నాయి కదా, ఆ మాట తప్పని ఈ ఒక్క దిబ్బతో తేలిపోయింది. ఇంకో మాట, పెద్ద పెద్ద వాళ్లు వచ్చాక బ్రౌన్‌ని పక్కన నిలబెట్టారు, సైటు మీద ఇది రోజూ చూసేదే. సొత్తంతా తనదేనని విచారణలో తేల్చినా ప్రెట్టీ అమ్మ బ్రిటిష్ మ్యూజియంకి ఊరికే ఇచ్చేసింది.

ఎర్రరాళ్లంటే గార్నెట్లు. ఐదు, ఆరు శతాబ్దాల ఐరోపా నగల్లో వాడిన గార్నెట్లు చాలావరకు మన దేశం నుంచి, శ్రీలంక నుంచి వెళ్లినవేనట, రాయిలోని ఖనిజాలు పరీక్షించి చెప్పారు. మన కొత్తగూడెం దగ్గర గరీబ్‌పేటలో గార్నెట్ కొండ ఉంది, పాండిచ్చేరి దగ్గర అరికమేడులో చేసిన గార్నెట్ పూసలకి రాయి ఇక్కడిదేనని పరిశోధకులు అంటున్నారు. సట్టన్ హూ రాళ్లు గరీబ్‌పేటవి అని సార్ చెప్పలేదు, మా బ్యాచ్‌లో ఒక అత్యుత్సాహి చెప్పించాలని చూశాడు, "అట్లనొద్దు బిడ్డా, అనాలని ఉన్నా అనొద్దు" అని ఆపేశారు. ఆ మాటకి అరస్టార్ ఎక్కువ వేశా. అరికమేడుని 1945లో తవ్వించిన మార్టిమర్ వీలర్ అంతకుముందు ఇంగ్లండ్‌లో మెయిడెన్ కాసిల్ కోట తవ్వినాయన, గళ్లుగళ్లుగా గుంతలు తీసి మధ్యలో గోడలు వదిలే పద్ధతి రెండు చోట్లా ఆయనదే. ఇవన్నీ స్లయిడ్లలో ఉన్నాయి, ఆ రోజు బొమ్మ మసక, సగం ఊహించుకున్నాం.

ఐదో వారం గురించి రాయాలంటే కొంచెం ఇబ్బందిగా ఉంది, అయినా రాస్తా.

1992 నవంబర్‌లో సఫోక్ జిల్లా హాక్స్‌న్ ఊళ్లో ఒక రైతు సుత్తి పోగొట్టుకున్నాడు. వెతికిపెట్టమని మెటల్ డిటెక్టర్ ఉన్న స్నేహితుడు ఎరిక్ లాస్‌ని పిలిచాడు. ఆయనకి వెండి చెంచాలు, బంగారు నాణేలు దొరికాయి. కొన్ని తీశాక ఆపేశాడు, ఫోన్ చేసి చెప్పాడు. మర్నాడు పురావస్తు శాఖవాళ్లు వచ్చి మట్టితో సహా జాగ్రత్తగా తీశారు, మొత్తం 14,865 నాణేలు, రెండు వందల దాకా నగలు, వెండి సామాను, అందులో మిరియాల డబ్బాలు నాలుగు, మళ్లీ మన మిరియాలే. ఆఖరి నాణెం 407, 408 ప్రాంతంది, అంటే రోమ్ సైన్యం చెయ్యెత్తేస్తున్న రోజుల్లో ఎవరో పెట్టెలో సర్ది, మళ్లీ వస్తాం కదా అని పాతిపెట్టారు, రాలేదు. అతను ఆగకుండా తవ్వేసి ఉంటే బంగారం దొరికేది, పెట్టెలో ఏది ఏ మూల ఎలా సర్దారో ఎప్పటికీ తెలిసేది కాదు. విలువ కట్టి 17 లక్షల 50 వేల పౌండ్లు ఇచ్చారు, రైతుకి కూడా వాటా. సుత్తి కూడా దొరికింది, అదీ మ్యూజియంలోనే ఉంది.

తర్వాత 1996లో వాళ్లు ట్రెజర్ చట్టం తెచ్చారు. దొరికిన 14 రోజుల్లో చెప్పాలి, మ్యూజియం కావాలనుకుంటే ధర కట్టి ఇస్తుంది, మామూలుగా దొరికినవాడికి సగం, పొలం యజమానికి సగం. నిధి కాని మామూలు వస్తువులు, కట్టుపిన్నులు, పగిలిన నాణేలు లాంటివి కూడా తెచ్చి నమోదు చేయించుకునే ఏర్పాటు వేరే ఉంది, అందులో ఇప్పటికి పదిహేను లక్షలకి పైగా వస్తువులు చేరాయి. ఒక్కొక్కటీ చిల్లర వస్తువే, అన్నీ మ్యాప్ మీద చుక్కలు పెడితే ఎక్కడ ఊళ్లుండేవో, ఎక్కడ సంత జరిగేదో కనిపిస్తుంది. ఇక బిల్డర్ల సంగతి, 1990 నుంచి అక్కడ ప్లానింగ్ రూల్స్ మారాయి, భూమిలో పాతవి ఉండే చోట కట్టాలంటే తవ్వకం ఖర్చు కట్టేవాడే పెట్టుకోవాలి. స్టోన్‌హెంజ్ దగ్గర ఏమ్స్‌బరీలో 2002లో అలాగే స్కూలు కట్టబోయే ముందు తవ్వితే నాలుగు వేల ఏళ్లు దాటిన సమాధి, బాణాలతో ఒక మనిషి. పళ్లు పరీక్షిస్తే చిన్నప్పుడు ఆల్ప్స్ కొండల వైపు పెరిగాడని తేలింది. రాళ్లే కాదు, మనుషులు కూడా అంత దూరం నుంచి వచ్చారన్నమాట.

"మన దగ్గర కూడా చట్టం ఉంది" అన్నారు సార్. 1878 నాటిది, ఆ తెల్లవాళ్లు చేసిందే, పది రూపాయల కన్నా విలువైనది భూమిలో దొరికితే కలెక్టర్‌కి చెప్పాలి. "మీలో ఎవరైనా చెప్పిన్రా?" అని నవ్వుతూ అడిగారు. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. పదిహేనేళ్ల కింద ఔటర్ రింగ్ రోడ్డు అవతల ఒక వెంచర్‌లో పనిచేశా. రోడ్లు వేస్తుంటే గుండ్రంగా పేర్చిన బండలు వచ్చాయి, మూడు నాలుగు గుండ్రాలు. ఆ ఊరివాళ్లు రాకాసి గుళ్లు అనేవాళ్లు, అంటే పాతకాలపు సమాధులు. జేసీబీ డ్రైవర్ ఆపి "సార్, లోపల కుండలున్నయి, ఎర్రవి నల్లవి, ఏదో ఇనుప ముక్క కూడా ఉంది" అని పిలిచాడు. నేను వెళ్లి చూశాను. పైవాళ్లకి ఫోన్ చేస్తే "ఫొటోలు గీటోలు వద్దు, సాయంత్రానికి లెవెల్ అయిపోవాలి" అన్నారు. అయిపోయింది. ఇప్పుడు అక్కడ క్లబ్‌హౌస్ ఉంది. ఆ డ్రైవర్‌కి ఎరిక్ లాస్‌కి తేడా లేదు, ఇద్దరూ ఆగారు, ఇద్దరూ చెప్పారు. వాడు చెప్పింది నాకు.

క్లాసయ్యాక మెట్లు దిగుతూ అమ్మాయికి చెప్పా. "ఏ సైటు నాన్నా?" అని అడిగింది. చెప్పా. ఇంకేం అడగలేదు, బండెక్కాక హెల్మెట్ పెట్టుకుని నారాయణగూడ నుంచి ఉప్పల్ దాకా మాట్లాడలేదు.

సరే, తిట్లు. ఆరో క్లాసు రిచర్డ్ 3 గురించి. 2012లో లెస్టర్‌లో కార్ పార్కింగ్ కింద దొరికిన రాజు, 1485లో యుద్ధంలో పోయినవాడు, వంగిన వెన్నెముక, అక్క వంశంవాళ్లతో డీఎన్ఏ సరిపోల్చి తేల్చారు, చాలా మంది చేరిందే దీని కోసం. ఆ ఆదివారం పొద్దున ఎనిమిదింటికి మెసేజ్, క్లాసు క్యాన్సిల్ అని. తర్వాతి వారం పెట్టారు, హాలు వేరేవాళ్లకి ఇవ్వాలని నలభై ఐదు నిమిషాల్లో తోసేశారు. వెన్నెముక దగ్గర మొదలుపెట్టి డీఎన్ఏ దగ్గరికి వచ్చేసరికి లైట్లు ఆపేశారు. మెటీరియల్ అని 300 విడిగా తీసుకున్నారు, చేతికిచ్చింది నలుపు తెలుపు జిరాక్సు కట్ట, మ్యాపుల్లో ఏ జిల్లా ఎక్కడో కనపడదు. వీడియో రికార్డింగులు ఇస్తామన్నారు, నెల దాటింది, అడిగితే "అప్‌లోడ్ అవుతోందన్నా" అంటున్నారు. డబ్బులు వెనక్కి అడిగిన ఇద్దరికి తర్వాతి బ్యాచ్‌లో సీటిస్తామన్నారట. ఇది సార్ తప్పు కాదు, ఆయనకి ఇవేవీ తెలిసినట్టు లేదు, కానీ డబ్బు తీసుకున్నవాళ్లది తప్పే.

కాబట్టి ఎవరికి పనికొస్తుంది అంటే, సివిల్స్ ప్రిపరేషన్ అనుకుని వెళ్లకండి, ఆ లెక్కలో ఏమీ రాదు. బ్రిటన్ అంటే రాజులు రాణులు అనుకునేవాళ్లు వెళ్లండి. పదిహేనేళ్లు దాటిన పిల్లల్ని తీసుకెళ్లొచ్చు, చిన్నవాళ్లు మొదటి వారమే పారిపోతారు. మెటీరియల్ తీసుకోవద్దు, నోట్సు రాసుకోండి. ప్రొజెక్టర్‌కి దగ్గరగా, ఎడమ వైపు ఫ్యాన్ కింద కూర్చోండి. మంచినీళ్లు మీవి మీరు తెచ్చుకోండి.

కొసరుగా ఆరో క్లాసు కోత పూడ్చడానికి సార్ సొంతంగా ఒక ట్రిప్ పెడుతున్నారు, నారాయణపేట జిల్లా ముడుమాల్‌కి, అక్కడి నిలువురాళ్లు చూపించడానికి. బస్సు ఖర్చు మాత్రమే. మా అమ్మాయి రెండు పేర్లు ఇచ్చింది. ఒకటి తనది, రెండోది నాదనుకున్నా, వాళ్లమ్మదట. నాది నేనే ఫోన్ చేసి రాయించుకున్నా, వెనక సీటు దొరికింది.